23వ అధికరణం మన ఊళ్లకు ఎలా చేరింది?

సంపాదకులు గారికి నమస్కారాలు.

రాజ్యాంగానికి 75 ఏళ్లు నిండిన దగ్గర్నుంచి పత్రికల్లోనూ సభల్లోనూ దాని గురించి విస్తారంగా చర్చ జరుగుతోంది. రాజ్యాంగ సభలో ఎవరు ఏం మాట్లాడారు, ఏ సవరణను ఏ ప్రభుత్వం తెచ్చింది, రాజ్యాంగ సవరణకు హద్దులు చెప్పిన కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తులు ఎలా చీలిపోయారు వంటి విషయాలను ఎందరో రాశారు. ఇవన్నీ తెలియవలసినవే. డిగ్రీ విద్యార్థులకు రాజనీతిశాస్త్రం చెప్పినంత కాలం నేనూ వీటిని శ్రద్ధగానే చెప్పాను. అయితే ఈ చర్చనంతటినీ వరుసగా చదివినవారికి, రాజ్యాంగం మారడమంటే పార్లమెంటు సవరించడం లేదా సుప్రీంకోర్టు కొత్త భాష్యం చెప్పడం మాత్రమేనన్న అభిప్రాయం కలుగుతుంది. ఊళ్లలో సంఘాలు కట్టుకున్న మనుషులకు ఈ వ్యాసాల్లో దక్కేది మహా అయితే ‘నేపథ్యం’ అన్న పేరుతో ఒక పేరా. ఉత్తర తెలంగాణ అనుభవం ఇందుకు భిన్నమని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇక్కడ ఏ అధికరణం బతికింది, ఏది కాగితంగా మిగిలిపోయింది అన్నది, దాని వెనుక ఊరి స్థాయిలో ఒక సంఘం నిలబడిందా లేదా అన్నదాన్ని బట్టే తేలింది.

23వ అధికరణాన్నే చూడండి. మనుషుల క్రయవిక్రయాలను, వెట్టిని, బలవంతపు చాకిరీని నిషేధించే ఈ అధికరణం 1950 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. కానీ జనగామ తాలూకాలోని ఊళ్లలో వెట్టి అంతకు నాలుగేళ్ల ముందే తెగిపోవడం మొదలైంది. వెట్టి చేయించుకోరాదన్న నిజాం సర్కారు ఉత్తర్వులు అంతకుముందూ ఉన్నాయి. వాటిని చూసి వెట్టి మాన్పించిన దొర ఒక్కడైనా ఉన్నాడని ఈ ప్రాంతపు పెద్దల నోట నేనెన్నడూ వినలేదు. దొర గడీకి చాకలి బట్టలు ఉతకడం, కుమ్మరి కుండలు ఇవ్వడం, మాదిగ చెప్పులు కుట్టి ఇచ్చి పైగా మూటలు మోయడం, పంట కోతల రోజుల్లో సొంత చేను విడిచి దొర చేలో దిగడం అనేవి ఏ చట్టంలోనూ రాసి లేవు. రాసి లేని ఆ కట్టడిని ఎత్తివేయడానికి, రాసి ఉన్న ఉత్తర్వు ఒక్కటే సరిపోలేదు.

దాన్ని ఎత్తివేసింది సంఘం. నిజాం రాష్ట్రంలోని తెలుగువారి సంస్థగా 1930లో జోగిపేటలో మొదటి సభ జరుపుకొని, తర్వాత ఊళ్లలో ‘సంఘం’గా పేరుపడ్డ ఆంధ్ర మహాసభ చాలాకాలం చదువుకున్నవారి, స్థితిమంతుల వేదికగానే నడిచింది. 1944లో భువనగిరి సభ నాటికి సభ్యత్వ రుసుము రూపాయి నుంచి నాలుగణాలకు దిగింది. చరిత్ర పుస్తకాలు ఈ సంగతిని ఒక్క వాక్యంలో దాటేస్తాయి. నా దృష్టిలో మాత్రం అది రాజ్యాంగపరమైన నిర్ణయమే, ఎందుకంటే ఎవరు సభ్యులు కాగలరన్నది ఏ రాజ్యాంగమైనా మొదట తేల్చవలసిన ప్రశ్న. నాలుగణాలు కట్టి చీటీ తీసుకున్న పాలేరుకు, గొల్లకు, చాకలికి సభలో కూర్చునే హక్కు వచ్చింది. తమ ఊరి దొర మీద తీర్మానం చేసే హక్కూ దానితోపాటే వచ్చింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్ మనుషులను ఎదిరించి తన పంటను ఇంటికి చేర్చుకోగలిగిందంటే, ఆమె ధైర్యం ఎంత కారణమో ఆ చేలో దిగిన సంఘం మనుషులూ అంతే కారణం. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు పడిపోయిన తర్వాత వందల ఊళ్లలో సంఘాలు వెలిశాయి, వెట్టి ఆగింది, అక్రమంగా లాక్కున్న భూములు చేతులు మారాయి. ఢిల్లీలో రాజ్యాంగ సభ తొలిసారి సమావేశమైంది అదే ఏడాది డిసెంబరు 9న. అంటే వెట్టి నిషేధాన్ని ఒక వాక్యంగా రాయడానికి సభ్యులు కూర్చునే సమయానికే మన దగ్గర కొన్ని ఊళ్లు ఆ పని చేసి చూపించాయి.

రాజ్యాంగపు తొలి సవరణలోనూ మన ప్రాంతపు జాడ ఉంది. భూసంస్కరణల చట్టాలను కోర్టు సవాళ్ల నుంచి కాపాడటానికి 1951లో తొమ్మిదో షెడ్యూలు చేర్చారు. ఆ వివాదం బిహార్ జమీందారుల కేసుతో ముదిరిన మాట నిజమే. కానీ అప్పుడు ఆ షెడ్యూలులో పెట్టిన 13 చట్టాల్లో రెండు హైదరాబాద్ సంస్థానానివి. ఒకటి జాగీర్ల రద్దుకు, మరొకటి జాగీర్దార్లకు ఇవ్వవలసిన పరిహారానికి సంబంధించినవి. 1949 నాటికి జాగీర్ల రద్దు అంత అత్యవసరం ఎందుకైందో తెలుసుకోవాలంటే సచివాలయం దస్త్రాలతోపాటు కడవెండి, పాలకుర్తి, 1948లో రజాకార్లు మారణకాండ జరిపిన బైరాన్‌పల్లి చరిత్రలు కూడా తెరవాలి.

ఇక దీనికి రెండో వైపు. 1951 అక్టోబరులో కమ్యూనిస్టులు తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించారు. 1952 ఎన్నికల్లో ఈ ప్రాంత ప్రజలు తమ తీర్పును స్పష్టంగానే ఇచ్చారు: ఆ పోరాట నాయకుల్లో పెండ్యాల రాఘవరావు వరంగల్ లోక్‌సభ స్థానం నుంచి, రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి గెలిచారు. ఊళ్లలోని సంఘాలు మాత్రం నిర్బంధం వల్ల, చీలికల వల్ల చెదిరిపోయాయి. దాని ఫలితం మన రెవెన్యూ రికార్డుల్లోనే కనిపిస్తుంది. రక్షిత కౌలుదారులకు మేలు చేయడానికి 1950లోనే హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. కౌలుదారును భూ యజమానిగా గుర్తించే 38-ఇ సెక్షను తెలంగాణలో చాలా ప్రాంతాలకు వర్తించింది 1973 జనవరి 1 నుంచి. ఈ 23 ఏళ్ల జాప్యంలో ఎంతమంది కౌలుదార్లు బేదఖలై భూమి పోగొట్టుకున్నారో, ఎన్ని పేర్లు పహాణీలనే భూమి రికార్డుల నుంచి మాయమయ్యాయో వరంగల్ కోర్టుల్లో భూమి కేసులు చూసిన ప్లీడర్లను అడిగితే చెబుతారు.

వెట్టి కూడా పోయినట్టే పోయి మళ్లీ వచ్చింది, కొన్ని చోట్ల అసలు పోనే లేదు. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం చేశారు. 23వ అధికరణం 28 ఏళ్లుగా, ఈ చట్టం రెండేళ్లుగా అమల్లో ఉన్న 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీలు వేలాదిగా కదిలి జైత్రయాత్ర చేశారు. వాళ్లు అడిగినవాటిలో ముఖ్యమైనవి వెట్టి ఆపాలని, పాలేర్ల జీతాలు పెంచాలని, దొరల అధీనంలో ఉన్న బంజర్లు వదలాలని. వీటిలో రాజ్యాంగానికి విరుద్ధమైనది ఒక్కటైనా ఉందా? అయినా అదే ఏడాది ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ప్రాథమిక హక్కును అమలు చేయమన్నవారి మీదికే నిర్బంధం వచ్చిన ఈ ఉదంతానికి పాఠ్యపుస్తకంలోని ప్రాథమిక హక్కుల అధ్యాయంలో చోటు దొరకలేదు.

ఆ తరువాత కథ ఏ మలుపు తిరిగిందో ఈ జిల్లాల వారికి నేను చెప్పనక్కరలేదు. తుపాకీ ముందుకొచ్చిన చోట సంఘం సమావేశం వెనక్కి పోయింది. అజ్ఞాతంలో ఉన్న నక్సలైటు దళం ఊరి ముందు నిలబడి లెక్క చెప్పదు, తన నిర్ణయాలను చర్చకు పెట్టదు, ఓడిపోయిన తీర్మానాన్ని ఒప్పుకోదు. ఈ స్థితికి పోలీసు నిర్బంధం ఎంతటి కారణమో చెప్పకుండా ఈ మాట ఒక్కటే చెబితే అన్యాయమవుతుంది, నేను రెండూ చెబుతున్నాను. రాజ్యాంగాన్ని ఊళ్లోకి తెచ్చే శక్తి బహిరంగ సంఘానికి ఉంటుంది. ఆ బహిరంగత పోతే, ఎవరి వల్ల పోయినా సరే, ఆ శక్తీ పోతుంది.

23వ అధికరణం పరిధి పెరిగింది కోర్టులోనే. ఢిల్లీలో 1982 ఆసియా క్రీడల నిర్మాణాల్లో కూలీలకు కనీస వేతనం అందడం లేదని ఒక ప్రజాస్వామిక హక్కుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం కూడా 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయేనని ఆ ఏడాది ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆకలి కూడా ఒక రకమైన బలవంతమేనన్న భావం ఆ తీర్పు సారాంశం. ఇది న్యాయమూర్తుల గొప్పతనం కాదని నేననను. కానీ నిర్మాణ స్థలాలకు వెళ్లి, కూలీల జీతాల సంగతి విచారించి, పిటిషన్ రాసినవారు లేకపోతే ఆ భాష్యం చెప్పే సందర్భమే న్యాయమూర్తులకు వచ్చేది కాదు.

ఇక మూడో అధికరణం. రాష్ట్రాల ఏర్పాటుకు సంబంధించిన ఈ అధికరణం పార్లమెంటుకు పూర్తి అధికారం ఇచ్చింది. సంబంధిత శాసనసభ అభిప్రాయం కోరాలి తప్ప దానికి కట్టుబడనక్కరలేదని బాబూలాల్ పరాతే కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. ఈ విషయంలో 1969లో ఉన్న అధికారమే 2014లోనూ ఉంది. మరి 1969లో అంత పెద్ద ప్రత్యేక తెలంగాణ ఉద్యమం జరిగినా రాని రాష్ట్రం 2014లో ఎందుకు వచ్చింది? పొత్తుల రాజకీయం, ఎన్నికల లెక్కలు ఉన్నాయి, కాదనను. కానీ అసలు తేడా నిర్మాణంలో ఉందన్నది నా అభిప్రాయం. 1969లో ప్రధానంగా విద్యార్థులు, ఉద్యోగులు కదిలారు. స్థానికులకు ఉద్యోగాల్లో న్యాయం కోసం 1973లో వచ్చిన 32వ సవరణ, 371-డి అధికరణం, 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు, ఆపై 1985లో 610 జీవో ఇవన్నీ కాగితం మీద దక్కాయి, ఉద్యోగ సంఘాలు వెంటపడినంత మేరకే అమలయ్యాయి.

2009 తరువాత కథ వేరు. హనుమకొండ జిల్లాలోని అక్కంపేటలో పుట్టి, కాకతీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన జయశంకర్ గారు భావవ్యాప్తి, ఆందోళన, రాజకీయ ప్రక్రియ అనే మూడు దశలను ఎప్పుడూ విడదీసి చెప్పేవారు. మూడోది రావాలంటే మొదటిది ఊరిదాకా పోవాలన్నది అందులోని కిటుకు. న్యాయవాదులు, ఉపాధ్యాయులు, ఆర్టీసీ కార్మికులు, కులవృత్తుల వారు ఎవరికి వారు జేఏసీలు (ఐక్య కార్యాచరణ సమితులు) కట్టుకున్నారు. మండలంలో రిలే నిరాహార దీక్షా శిబిరం, రహదారి మీద వంటావార్పు, సాయంత్రం ధూంధాం ఆటపాటల సభ నిత్యకృత్యాలయ్యాయి. 2011 సెప్టెంబరు 13న మొదలై 42 రోజులు సాగిన సకల జనుల సమ్మెలో సింగరేణి గనుల్లో బొగ్గు ఉత్పత్తి కుంటుపడింది, బస్సులు డిపోలు దాటలేదు, కాజీపేట జంక్షన్లో రైళ్లు ఆగాయి. 2014 జనవరి చివర ఆంధ్రప్రదేశ్ శాసనసభ రాష్ట్ర విభజన బిల్లును తిరస్కరించినా ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ దాన్ని ఆమోదించాయి. అంతటి ధైర్యం ఢిల్లీకి మూడో అధికరణం పాఠాన్ని మళ్లీ చదవడం వల్ల రాలేదు.

ఇంతకంటే సూటైన ఉదాహరణ ఎస్సీ వర్గీకరణ, అంటే ఎస్సీ కోటాను అందులోని కులాల గ్రూపుల మధ్య పంచడం. హనుమకొండ ప్రాంతానికి చెందిన మంద కృష్ణ మాదిగ మరికొందరితో కలిసి 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో ఇందుకోసం మాదిగ దండోరా ఉద్యమాన్ని మొదలుపెట్టారు. ఉమ్మడి రాష్ట్రంలో వర్గీకరణ చట్టం 2000లో వచ్చింది. 2004 నవంబరులో చిన్నయ్య కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు సభ్యుల ధర్మాసనం 6–1 తేడాతో ఆ తీర్పును తోసిపుచ్చింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో 59 కులాలను మూడు గ్రూపులుగా చేసి ఒకటి, తొమ్మిది, ఐదు శాతాలుగా కోటాను విభజించారు. ఈ 20 ఏళ్లలో ఎస్సీల జాబితాకు సంబంధించిన 341వ అధికరణంలో ఒక్క అక్షరమూ మారలేదు, మారింది దాని అర్థం. మధ్యలో ప్రభుత్వాలు మారాయి, కమిషన్లు వచ్చి పోయాయి. ఊరూరా డప్పు పట్టుకున్న సంఘం మాత్రం చెదరకుండా నిలబడింది. ఈ వర్గీకరణ దళితుల ఐక్యతను దెబ్బతీస్తుందని వాదించే మాల సంఘాలు కూడా అంతే పట్టుదలతో, రాజ్యాంగ పరిభాషలోనే తమ వాదన వినిపించాయి. రెండు వైపులా నిలబడినవి ప్రజా సంఘాలే అయినప్పుడు రాజ్యాంగ చర్చ ఎంత లోతుకు దిగుతుందో చూడటానికి ఇదొక మంచి సందర్భం.

బయటి దేశాల అనుభవం కూడా దీన్నే బలపరుస్తుంది, క్లుప్తంగా చెబుతాను. చరిత్రలో ‘రాజ్యాంగ విప్లవం’ అన్న పేరుతోనే స్థిరపడినది ఇరాన్‌ది. 1906 వేసవిలో టెహ్రాన్ బజారు మూసేసి వర్తకులు, వృత్తిపనివాళ్లు వేలాదిగా బ్రిటిష్ రాయబార కార్యాలయం ఆవరణలో తిష్ఠ వేశారు. ఆగస్టు 5న షా పార్లమెంటుకు ఒప్పుకున్నాడు. రెండేళ్లు తిరక్కుండానే, 1908 జూన్ 23న కొత్త షా ఆ పార్లమెంటు మీద ఫిరంగులు పేల్చాడు. రాజధానిలో రాజ్యాంగం కూలిన ఆ రోజుల్లో దాన్ని నిలబెట్టింది తబ్రీజ్ నగరంలోని స్థానిక అంజుమన్లు (ప్రజా సంఘాలు), వాటి వెంట నిలిచిన పేటల జనం. మరుసటి ఏడాది జూలైలో షా గద్దె దిగవలసి వచ్చింది. చిలీలో ఇందుకు తలకిందులుగా జరిగింది. 2019 అక్టోబరులో మెట్రో చార్జీల పెంపుపై మొదలైన నిరసన దేశాన్ని కుదిపేసింది, కొత్త రాజ్యాంగం కావాలని 2020లో 78 శాతం ఓటేశారు. తీరా ముసాయిదా తయారయ్యాక 2022 సెప్టెంబరులో 62 శాతం దాన్ని తిప్పికొట్టారు. 2023లో మరో ముసాయిదాకూ అదే గతి పట్టింది. వీధిలోకి వచ్చిన జనానికి, ముసాయిదా రాసినవారికి మధ్య ఆ పాఠాన్ని ఇంటింటికీ మోసి చర్చించే సంఘాలు తగినంతగా లేకపోవడం ఇందుకొక కారణమని నేననుకుంటున్నాను. దీన్ని ఒప్పుకోనివారూ ఉంటారు.

ఇంత చెప్పాక అంబేడ్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగం సంగతేమిటని పాఠకులెవరైనా తప్పక అడుగుతారు. రాజ్యాంగబద్ధమైన మార్గాలు తెరుచుకున్నాక రక్తపాతాన్నే కాదు, సత్యాగ్రహాన్ని, సహాయ నిరాకరణను కూడా విడిచిపెట్టాలని ఆయన అందులో గట్టిగా చెప్పారు. ఈ మాటను తప్పించుకుపోవడం నాకు ఇష్టం లేదు. బస్సులు తగలబెట్టడం, విగ్రహాలు కూల్చడం, అన్నిటికంటే ఘోరంగా పిల్లలు ఒంటికి నిప్పంటించుకోవడం మన ఉద్యమంలోనూ జరిగాయి. వాటిని త్యాగాలుగా కీర్తించే అలవాటును నేను ఒప్పుకోను. అయితే ఆయన పెట్టిన షరతు కూడా చదవాలి: ఆ మార్గాలు నిజంగా తెరుచుకుని ఉండాలి. దళితులను దగ్గరికి రానివ్వని మహద్ చెరువు నీళ్ల కోసం 1927లో జనాన్ని కదిలించిన నాయకుడు ప్రజాసంఘాలకు వ్యతిరేకి ఎలా అవుతారు? పైగా రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం అనే వైరుధ్యంలోకి దేశం అడుగుపెడుతోందని, దాన్ని త్వరగా తొలగించకపోతే కట్టిన నిర్మాణమే కూలుతుందని హెచ్చరించింది కూడా అదే ప్రసంగంలో. 1978లో జగిత్యాల కూలీలు నిలబడింది సరిగ్గా ఆ వైరుధ్యం నడిమధ్యలో.

గెలిచిన తరువాత సంఘాలు ఇళ్లకు పోతే ఏమవుతుందో కూడా మనం ఈ పదేళ్లలో చూశాం. ధర్నాలతో ఏర్పడిన రాష్ట్రంలోనే 2017లో హైదరాబాద్ ధర్నాచౌక్‌లో ధర్నాలకు తావు లేకుండా చేశారు. మరుసటి ఏడాది హైకోర్టు జోక్యం చేసుకుంటే తప్ప అక్కడ మళ్లీ కూర్చునే వీలు రాలేదు. పంచాయతీ పదవీకాలం ముగిసేలోగా ఎన్నికలు పూర్తి చేయాలని 243-ఇ అధికరణం స్పష్టంగా చెబుతోంది. అయినా 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచులు దిగిపోయాక 2025 డిసెంబరు దాకా మన ఊళ్లు ప్రత్యేకాధికారుల చేతుల్లో నడిచాయి. బీసీ రిజర్వేషన్ల లెక్క తేలలేదన్నది చెప్పిన కారణం. అది చిన్న కారణమేమీ కాదు. కానీ దాదాపు రెండేళ్లపాటు ఒక రాజ్యాంగ ఆదేశం నిలిచిపోతే, రాష్ట్రం కోసం 42 రోజులు సమ్మె కట్టిన జిల్లాల్లో దాని కోసం ఒక్క పెద్ద ఊరేగింపు కూడా తీయకపోవడం గమనించవలసిన విషయం. ములుగు, ఏటూరునాగారం ఏజెన్సీల్లో పరిస్థితి ఇంకా సున్నితమైనది. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీలకు సంబంధించిన 1996 నాటి పెసా చట్టం అక్కడి గ్రామసభలకు ఇచ్చిన అధికారాలు, ఆదివాసీ సంఘాలు గట్టిగా పట్టుబట్టిన చోట తప్ప తీర్మానాల పుస్తకంలో సంతకాలకే పరిమితమవుతున్నాయి.

ఈ దృష్ట్యా మీ పత్రికకు రెండు విన్నపాలు. మొదటిది, కొత్త పాలకవర్గాలు వచ్చాయి గనుక జిల్లా పేజీల్లో గ్రామసభల తీర్మానాలకు వారానికి ఒక్క కాలమైనా కేటాయించండి. ఏ ఊళ్లో సభ జరిగింది, ఏం అడిగారు, అధికారులు ఏం జవాబిచ్చారు అన్నవి చాలు, ఎవరు రిబ్బన్ కత్తిరించారన్నది అక్కరలేదు. రెండోది, 1978 నాటి రైతుకూలీ సంఘాల కరపత్రాలు, దండోరా తొలినాళ్ల గోడపత్రికలు, 2009–14 మధ్య మండల జేఏసీల మినిట్స్ పుస్తకాలు, దీక్షా శిబిరాల హాజరు పట్టికలు ఇంకా చాలామంది ఇళ్లలో ఉన్నాయి. వాటిని సేకరించి భద్రపరచి పరిశోధకులకు అందుబాటులో ఉంచే పని కాకతీయ విశ్వవిద్యాలయం చేపట్టాలని మీ సంపాదకీయంలో కోరండి. విశ్వవిద్యాలయం ముందుకు వస్తే వరంగల్, జనగామ, జగిత్యాల ప్రాంతాల్లో ఈ కాగితాలు ఎవరి దగ్గర ఉన్నాయో వాకబు చేసి తెప్పించే పనిలో నాతోపాటు ఇక్కడి విశ్రాంత అధ్యాపకులు కొందరు సాయపడటానికి సిద్ధంగా ఉన్నారు.

భవదీయుడు,
విశ్రాంత రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ